గీత గీసిన గ్లాసు

గ్లాసు ఇక్కడికి కూడా వచ్చింది. మంచినీళ్ల సీసా ఉన్న సంచిలోనే, కానీ సీసాకు తగలకుండా, ప్లాస్టిక్ కవరులో చుట్టి రెండు ముళ్లు వేసి మరీ తెచ్చింది అత్తగారు. బడిలో మూడో తరగతి గదిలో బెంచీ మీద చోటు దొరకగానే ముళ్లు విప్పి, వేళ్ల కొసలతో అంచు పట్టుకుని కోడలి పక్కన పెట్టి, చేతిగుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను మళ్లీ కవరులోకే తోసింది. స్టీలు గ్లాసు. అడుగున మేకుతో గీసిన అడ్డగీత. అంచు పెదవికి కోసుకోకుండా బయటికి మడిచి ఉన్నవే కావాలని, కొట్టువాడి చేత అరలన్నీ దింపించి, విసుక్కుంటున్నా వినకుండా కోడలే ఎంచి కొన్న గ్లాసుల్లోదే ఇది. మిగిలినవన్నీ వంటింటి అలమరలో ఒకదాని పక్కన ఒకటి బోర్లించి ఉంటాయి. ఇదొక్కటి కిటికీ గూట్లో, పాత తాళాలూ కొవ్వొత్తి ముక్కలూ పడేసే చోట ఉంటుంది. ఆమె దాని వైపు చూడకూడదనుకుంది. చూసింది. కిటికీలోంచి వచ్చిన ఎండ గ్లాసు మీద పడి పైకప్పుకు గుండ్రటి వెలుగు మరక ఒకటి అంటించింది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న పాప దానివైపు వేలు చూపించి, అమ్మా చందమామ, అంది. ఔనమ్మా, అంది ఆమె, పళ్లు బిగించుకునే. ఐదేళ్ల పిల్లకు చందమామ అనిపించేది ఏదైనా చందమామే. ఆ పిల్లను పిలిచే దాకా ఈ బెంచీ మీద కూర్చోవాలి. పిలిచాక ఏ గుమ్మం చూపిస్తారో చూడాలి. అంతే ఈ గంటలో ఆమె చేయవలసిన పని, అంతకన్నా బరువైన పని ఆమె ఇంతవరకు చేయలేదు.

గదికి రెండు గుమ్మాలు. పొద్దున్నే వ్యాను వచ్చి ఊరందరి దగ్గరా రక్తం తీసుకుంది. ఇప్పుడు ఒక్కొక్కరినే పిలిచి సంగతి చెబుతున్నారు. రక్తంలో ఏమీ లేకపోతే నర్సు వాకిలి వైపు చెయ్యి చూపించి, మీరు ఇంటికి వెళ్లండి అంటుంది. ఉంటే లోపలి గది తలుపు తీసి, ఇటు రండి అంటుంది. ఎవరి సంగతి ఎవరికీ తెలియనివ్వం, అంతా గుట్టుగా ఉంచుతాం అని నిన్న మైకు పెట్టి మరీ చెప్పుకుంటూ తిరిగారు. ఎంత గుట్టు! ఊరు ఊరంతా బెంచీల మీద మెడలు సాచి కూర్చుని, ఎవరు ఏ గుమ్మంలోకి పోతారా అని ఆటలో గెలుపోటములు చూస్తున్నట్టు చూస్తోంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లు చదువుకున్నవాళ్లే, చెడ్డవాళ్లు కూడా కాదు, ఆ నర్సు గొంతులో దయ కూడా ఉంది. కానీ రెండు గుమ్మాలకూ మధ్య కట్టడానికి ఒక పాత దుప్పటి దొరకలేదా వీళ్లకి? ఆమెకు ఒళ్లు మండింది. తను ఇప్పటికే ఏ గుమ్మం మనిషో ఊరందరికీ తెలుసు కాబట్టి తన కోసం కాదు ఆ మంట. బట్టల కొట్టాయన లోపలి గదిలోకి పోయాడు. వెనకే పాలు పోసే ఆవిడ. ఆవిడ పోతుంటే వెనక బెంచీ మీద ఎవరో, చూశావా, నేను చెప్పలా, అన్నారు. ఏం చెప్పావు నువ్వు? ఎప్పుడు చెప్పావు? ఆవిడ పాలే కదా పొద్దున్నే లొట్టలేసుకుంటూ తాగావు.

ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. మూడు నెలల కిందట అక్కకు పట్నంలో ఆపరేషన్ అంటే రక్తం ఇవ్వడానికి పరుగెత్తుకు పోయింది, పాపను అత్తగారి దగ్గర వదిలి. చేయి చాపింది, రక్తం తీశారు, పళ్లరసం ఇచ్చారు, గర్వంగా కూర్చుంది. సాయంత్రం కిటికీ వెనక కూర్చున్న పిల్ల, నిండా ఇరవై ఉండవు, వరసలో పది మంది ఉండగానే, మీ రక్తం పనికిరాదండీ, అంది. పాడైన కూరగాయ గురించి చెప్పినట్టు. ఎందుకని అడిగితే పై డాక్టరును కలవమంది. పై డాక్టరు కళ్లద్దాలు తీయకుండా చెప్పాడు, కాలేయానికి పట్టే వైరస్, సి రకం, రక్తం నుంచి రక్తానికి పాకుతుంది, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది, ఇప్పుడు మంచి మాత్రలున్నాయి, మూడు నెలలు వాడితే పోతుంది, భయపడకండి. అంతవరకు చెప్పి ఊరుకుంటే ఆ మనిషికి దండం పెట్టేది. ఊరుకోలేదు. తలుపు తీసే ఉంది, బయట బావగారు నిలబడి ఉన్నారు, మీ ఇద్దరిలో ఎవరికైనా బయటి సంబంధాలు ఉన్నాయా అమ్మా, అని అడిగాడు. అంతలేసి చదువులు చదివినవాడికి, మీ ఊళ్లో సూదిమందు ఎవరు వేస్తారమ్మా, అన్న ప్రశ్న ముందు రాలేదు. అది తర్వాత, బాగా తర్వాత, గుమ్మం దాటబోతుంటే అడిగాడు, అప్పటికి మొదటి ప్రశ్న బావగారి చెవిలోంచి అక్క చెవికి, అక్క చెవిలోంచి ఫోనెక్కి ఇక్కడికి, అత్తగారి చెవికి చేరిపోయింది. మాటకున్న కాళ్లు మందుకు లేవు. రెండో ప్రశ్న వల్లే ఈ వ్యాను వచ్చింది నిజమే. మొదటి ప్రశ్న వల్ల గ్లాసు వచ్చింది.

ఆ రోజు పట్నం నుంచి ఇంటికి వచ్చేసరికి పాప గుమ్మంలో ఒంటి కాలి మీద గెంతుతోంది. కాలికేమైందే అంటే, కాలికి కాదమ్మా, అని గౌను ఎత్తి చూపించింది. తుంటి మీద చిన్న గుండ్రటి దూది ముక్క, అంటుకుపోయి, మధ్యలో గోధుమరంగు చుక్క. జ్వరమొచ్చింది, నువ్వేమో ఊళ్లో లేవు, మా తమ్ముడి చేత సూది వేయించాను, గంటలో దిగిపోయింది, అంది అత్తగారు, మంచిపని చేసినదానిలాగే. నిజంగా ఆవిడ లెక్కలో అది మంచిపనే. ఆ దూదిముక్క పీకింది. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక చాలాసేపు గుప్పిట్లో పట్టుకుని పెరట్లో నిలబడింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఇప్పుడు పరీక్ష చేసినా నమ్మలేమమ్మా, మూడు నెలలు ఆగాలి, అన్నాడు. ఆగింది. మాత్రలు మింగుతూ, గూట్లో గ్లాసుతో నీళ్లు తాగుతూ, పాప స్నానం చేయించేటప్పుడల్లా కళ్లలో పసుపు కనబడుతుందేమోనని రెప్పలు పైకెత్తి చూస్తూ ఆగింది. పాప ఒకరోజు, అమ్మా నా కళ్లలో ఏం పోయింది, ఎప్పుడూ వెతుకుతావు, అంది.

ఇక అత్తగారి మాట. ఆవిడ అరిచి గోల చేసే మనిషి కాదు, చేస్తే బాగుండేది. అన్నాలు తిన్నాక, పళ్లేలు తీయకముందే, కొడుకును కూర్చోబెట్టి చెప్పింది. మన ఇంట్లో మిగతా వాళ్ల రక్తం బాగుంటే ఇది ఈ అమ్మాయి వెంట వచ్చిందే అని తేలిపోతుంది. అప్పుడు అమ్మాయి పుట్టింటికి వెళ్లి నయం చేసుకుంటుంది, పాప ఇక్కడే ఉంటుంది, నేను పెంచుకుంటాను. నయమయ్యాక చూద్దాం. ఆ చూద్దాం అన్న మాట ఎంత లోతైన బావో! కోతమిల్లులో పొద్దంతా దుంగలు కోసే భర్త, ఆ రంపం హోరులో పొద్దుగూకులూ ఉండి ఉండి ఇంట్లో మాటలు వినబడని మనిషి, గోరుకింద రంపపు పొట్టు గీక్కుంటూ, అమ్మ చెప్పింది కూడా ఆలోచించాలి కదా, అన్నాడు. కూడా! ఆ కూడాలో తనెక్కడుంది? పొద్దున అతన్ని మొదటే పిలిచారు. వాకిలి గుమ్మం. ఏమీ లేదు. ఆమె వైపు ఒకసారి చూసి, తలొంచుకుని మిల్లుకు పోయాడు, తప్పించుకున్న మనిషి నడకతో. అతనికి సూదంటే చచ్చే భయం, చిన్నప్పటి నుంచి సూదులు వేసే మామయ్య కనబడితే పెరటి గోడ దూకేవాడని అత్తగారే నవ్వుతూ చెప్పేది. ఆ పిరికితనమే అతన్ని కాపాడిందని ఇప్పుడు ఎవరికీ తట్టదు. పైగా, మగాడి రక్తం బాగుంది, ఆడదాని రక్తమే బాగాలేదు, అని బెంచీల మీద లెక్క సరిపోయింది.

కిటికీ అవతల వరండాలో నవ్వులు వినబడ్డాయి. తల తిప్పకుండానే తెలిసింది, మామయ్య. అత్తగారి తమ్ముడు, ఊరందరికీ సూది మామయ్య. ఇక్కడ డాక్టరు లేడు, ఎప్పుడూ లేడు, ఉండాల్సిన గది ఒకటి కట్టి తాళం వేశారు, ఆ తాళానికి తుప్పు పట్టింది. ఎప్పుడో పట్నంలో ఒక డాక్టరు దగ్గర మందులు అందిస్తూ చూసి నేర్చుకున్న ఈయనే ఊరికి దిక్కు. ఆయన్ను తిట్టుకుందామంటే నోరు రాదు, అదే ఆమె కోపానికి తిండి లేకుండా చేస్తోంది. వానలో టార్చిలైటు పట్టుకుని ఏరు దాటి వెళ్లి ముసలాయనకు మందిచ్చి వచ్చిన మనిషి. లేనివాళ్ల దగ్గర చెయ్యి చాపని మనిషి. పాప పుట్టాక తను లేవలేకుండా ఉంటే, అమ్మడూ నీకు రక్తం పట్టాలి, అని జామపళ్లు తెచ్చి పెట్టి, రోజూ సాయంత్రం బలానికి సూది వేసేవాడు. చేయి ఎంత తేలికో! వేశాడని తెలిసేలోపే వేసేసి, అయిపోయింది తల్లీ అనేవాడు. ఆ సూది కోసం తను ఎదురుచూసేది కూడా. సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద బెంచీ నిండిపోయేది. మాత్ర ఇస్తే ఎవరికీ ఆనదు, మాత్రలు పిల్లలకీ దగ్గులకీ, సూది గుచ్చితేనే మందు పడ్డట్టు, సూది వేయకుండా పంపిస్తే మామయ్యకు మన మీద కోపమొచ్చిందేమో అని బాధపడి మళ్లీ వచ్చేవాళ్లు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, అనుకుంది అప్పట్లో. స్టీలు పెట్టె తెరిచేవాడు. అందులో దూది మీద రెండు మూడు సూదులు. మొద్దుబారితే తప్ప మార్చడు. అంత మంచి వస్తువు ఒక్కసారికే పారేస్తారా, పట్నం వాళ్లకు డబ్బు పొగరు, అనేవాడు. పక్కన గాజుగ్లాసులో గోరువెచ్చటి నీళ్లు. సీసాలోంచి రెండు చుక్కలు క్రిములు చంపే మందు వేస్తే నీళ్లు పాలలా తెల్లబడేవి. తెల్లబడిందా, ఇక శుద్ధి అయినట్టే, అనేవాడు. ఒకరికి గుచ్చి, ఆ తెల్లనీళ్లు సూదితో పీల్చి బయటికి పిచికారీ కొట్టి, ఇంకొకరికి. బెంచీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు. అవే నీళ్లు, దీపాలు పెట్టే దాకా. నీళ్లు తెల్లగా ఉన్నంతసేపు ఎవరికీ అనుమానం లేదు. గిన్నె తోమాక జిడ్డు పోయిందో లేదో వేలితో రాసి వాసన చూసే తనకు కూడా, డిగ్రీ పుస్తకాల్లో సూక్ష్మజీవుల బొమ్మలు గీసి పరీక్ష రాసిన తనకు కూడా, ఆ తెలుపు చూస్తే నమ్మకంగానే ఉండేది. తెల్లగా ఉండేదల్లా శుభ్రమని ఎవరు చెప్పారు మనకి? ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ తాళం వేసిన గదిలో ఒక మనిషి ఉండి ఉంటే చెప్పేవాడు.

మళ్లీ నవ్వులు. ఈసారి తల తిప్పి చూసింది, చూసి నమ్మలేకపోయింది. వరండా పిట్టగోడ మీద గాజుగ్లాసు. తెల్లనీళ్లు. పక్కన మూత తీసిన స్టీలు పెట్టె. ముందు ఏడెనిమిది మంది వరస. పొద్దున రక్తం తీశారు కదా, నీరసమట. ఒంట్లోంచి తీసింది ఒంట్లోకి పట్టాలట, బలానికి సూది వేయించుకుంటున్నారు. వ్యానువాళ్లకు నొప్పి పుట్టించడం బాగా వచ్చు, రండి రండి, నా దగ్గర ఆ బాధ లేదు, అంటున్నాడు మామయ్య, అందరూ నవ్వుతున్నారు. ఎవరి రక్తంలో ఏముందో తేల్చడానికి ఇక్కడ గదిలో యంత్రాలు పెట్టి కూర్చున్నారు, గోడ అవతల ఆ రక్తాలన్నిటినీ ఒకే సూదితో కలిపి కుడుతున్నాడు. వాకిలి గుమ్మంలోంచి ఏమీ లేదని నవ్వుకుంటూ బయటపడ్డ ఒకడు నేరుగా ఆ వరసలో నిలబడ్డాడు. ఆమె లోపలి తలుపు దగ్గర నిలబడ్డ నర్సు సాయం మనిషితో, వరండాలో సూదులు వేస్తున్నారు, డాక్టరుగారికి చెప్పండి, అంది. ఆవిడ ఆమెను, ఆమె పక్కనున్న గ్లాసునూ చూసి, నీ పేరు పిలిచినప్పుడు రామ్మా, కంగారు పడకు, అంది. ఆమె పేరు పిలవరని, ఆమెది ఎప్పుడో తేలిపోయిందని చెప్పేలోపే ఆవిడ తలుపు వేసేసింది. లేచి వెళ్దామంటే ఒళ్లో పాప. పిలుపు తప్పిపోతే. వెనక బెంచీ వాళ్లు, పాపం మతి చలించింది, అన్నట్టు నాలుక చప్పరించారు. ఈ జబ్బు ఉన్నవాళ్ల నోటి మాట కూడా అంటుకుంటుంది కాబోలు, ఎవరూ వినరు.

అత్తగారు నీళ్ల సీసా ఎత్తి, పెదవులకు తగలకుండా, గొంతులోకి సన్నగా ధార పోసుకుంది. ఎంత శుభ్రమో. ఈవిడ మీద కోపం ఒక్కలాగ ఉండనివ్వదు. మామగారు పోయి ఎనిమిదేళ్లు, తను కోడలిగా వచ్చేసరికే ఆయన పొట్ట నీరు పట్టి కుండలా ఉండేది, కాళ్లు వెదురుపుల్లలు. చుక్క ముట్టని మనిషి. ఊరంతా, దొంగచాటుగా తాగుతాడు, లేకపోతే ఆ పొట్ట ఎందుకొస్తుంది, అన్నారు. ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పింది, నా మనిషి తాగడు, కావాలంటే నోరు వాసన చూడండి. ఎవరూ నమ్మలేదు. పాడె లేచేటప్పుడు కూడా, ఎంత చెప్పినా మానలేదు పాపం, అని ఓదార్చారు. ఆ మాటకు ఆవిడ ఎలా గిలగిల్లాడిందో తను చూసింది, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అలాంటి పొట్టలతో ఇంకా ఎంతమంది పోయారు ఈ ఊళ్లో? తాపీమేస్త్రీ, ఆయన తమ్ముడు, ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ, బడి పంతులు. ఒకరికి తాగుడు, ఒకరికి దిష్టి, ఒకరికి మనోవ్యాధి, ఒకరికి ఊరి నీళ్లు. ఎవరి చావుకు వాళ్ల పేరే పెట్టారు గానీ అందరూ సాయంత్రాలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లని ఎవరూ అనలేదు. చేయని తప్పు మోయడం అంటే ఏమిటో ఈ ఇంట్లో అందరికన్నా ముందు తెలిసింది ఈవిడకు కదా. తెలిసి కూడా మేకు తీసుకుని గ్లాసు అడుగున గీత గీసింది. ఎలా చేతులొచ్చాయి? గీస్తున్నప్పుడు కీచుమని వచ్చిన ఆ చప్పుడు ఇప్పటికీ పళ్లలో ఉంది. పాప ఆ గ్లాసు ముట్టుకోబోతే, చెయ్యి కాలిపోతుంది, అని చెప్పింది ఈవిడే. పాప నమ్మింది. అప్పటి నుంచి అమ్మ నీళ్లు తాగుతుంటే కాలుతోందా అని అడుగుతుంది.

నర్సు పాపను పిలిచింది. అంతవరకు పరుగెత్తుతున్న ఆలోచన అక్కడికక్కడే కాళ్లు విరిగి పడింది. పాపను నిలబెట్టింది, గౌను సర్దింది, జుట్టు వెనక్కి తోసింది, మళ్లీ గౌను సర్దింది. రెండు గుమ్మాలు. నర్సు చేతిలో కాగితం, కాగితం మీద ఈగ, ఈగను తోలడానికి ఎత్తిన చెయ్యి లోపలి గది వైపు వెళ్లింది, ఆ చెయ్యే తిరిగి వాకిలి వైపు చూపించింది.

"పాపకేం లేదమ్మా. తీసుకెళ్లండి."

ఏం లేదు. ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా ఉన్నాయో ఒళ్లు అంత బరువైపోయింది. పాప తల మీద ముఖం పెట్టుకుంది, చెమట వాసన, కొబ్బరినూనె వాసన. అదృష్టం. ఆ రోజు పాప ముందు ఎవరున్నారో, ఆ సూది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో, వాళ్ల రక్తం మంచిది కాబట్టి. లేదా నీళ్లు అప్పుడే మార్చారు కాబట్టి. అంతే, కేవలం వరసలో నిలబడిన చోటు. తన పిల్ల ప్రాణం వరసలో చోటు మీద ఆధారపడిందా? ఆ తలపు వచ్చాక అదృష్టం మీద కూడా కోపం వచ్చింది. అత్తగారు ఊపిరి వదిలి, చూశావా, మా పిల్లకేం ఉంటుంది, అంది. మా పిల్ల. అప్పుడే వాక్యం మొదలైంది, మిగతాది ఇంటికి వెళ్లాక పూర్తవుతుంది, పెట్టె సర్దుకోమంటారు, చూద్దాం అంటారు. భర్తకు లేదు, పాపకు లేదు. ఇక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరిని పిలిచారు.

అత్తగారు లేచి, ఇంటికి వెళ్లడానికి సిద్ధంగా సంచి భుజాన వేసుకుని మరీ ముందుకు నడిచింది. నర్సు కాగితం చూసి, ఆవిడ ముఖం చూసి, గొంతు తగ్గించి, ఇటు రండి, అంది. ఎటు? అని అడిగింది అత్తగారు, వినబడనట్టు. ఇటు, అంది నర్సు, లోపలి తలుపు తీసి. బెంచీల మీది మెడలన్నీ ఒక్కసారిగా ఆ తలుపు వైపు తిరిగాయి. ఆ చూపుల మధ్య ఆమె కడుపులోంచి ఒక సంతోషం, నల్లగా, ఎవరికీ చెప్పుకోలేనిది, బుస్సున లేచింది. నీకూనా! అయితే నేను తెచ్చింది కాదు. ఇక పాపను నా నుంచి ఎవరు తీసుకుంటారో చూస్తాను. తలుపు మూసుకుంది, అత్తగారి చెప్పు ఒకటి గడప ఇవతలే ఉండిపోయింది. అరిగిపోయిన చెప్పు, మడమ దగ్గర చిన్న గుంట. ఆ చెప్పును చూస్తుంటే లేచిన సంతోషం లేచినంత తొందరగానూ వెగటు పుట్టించింది. ఒక ముసలావిడకు జబ్బుందంటే తప్ప తన పిల్ల తనకు దక్కదా? ఇలాంటి తక్కెడలో తనను ఎవరు కూర్చోబెట్టారు? తను ఇంతగా ఎప్పుడు కుంచించుకుపోయింది?

లోపల ఏదో యంత్రంతో చూసినట్టున్నారు, కాసేపటికి తలుపులోంచి డాక్టరు మాటలు అక్కడక్కడ వినబడుతున్నాయి. స్కానింగ్‌లో కాలేయం గట్టిపడినట్టుంది... ఇది నిన్న మొన్నటిది కాదమ్మా, పాతిక ముప్పై ఏళ్లనాటిది కావచ్చు... పట్నం రండి, మాత్రలు మొదలుపెడదాం... సూదులు బాగా వేయించుకునేవారా? అత్తగారి జవాబు వినబడలేదు. పాతిక ముప్పై ఏళ్లు. తను అప్పుడు ఎక్కడుంది, ఎవరి వాకిట్లో గెంతుతోంది? మామగారి పొట్ట, అత్తగారి కాలేయం, తన రక్తం, అన్నీ ఒకే అరుగు.

తలుపు తెరుచుకుంది. అత్తగారు బయటికి వచ్చి, ఒక కాలికే చెప్పుతో, అందరూ చూస్తుండగా నడిచి బెంచీ మీద కూలబడింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అనుకుంది ఆమె. మీ మామగారికి కూడా ఇదేనేమోనే, ఆయన తాగలేదని ఇప్పుడైనా తెలిసిందే, అంటుందని ఎదురుచూసింది. ఆ ఒక్కమాట అని ఉంటే గ్లాసునూ గీతనూ మరిచిపోయి ఆ చేతులు పట్టుకునేది. అత్తగారు గ్లాసు వైపు చూసింది.

"ఎంత జాగ్రత్తగా ఉన్నా అంటించావు కదే" అంది.

గోడకు చెప్పుకున్నా కొంచెం ప్రతిధ్వని అయినా వస్తుంది. అత్తగారు అంతలోనే కిటికీ వైపు తిరిగి, పిలిచింది. "తమ్ముడూ, కళ్లు తిరుగుతున్నాయిరా. కాస్త బలానికి సూది వెయ్యి."

మామయ్య అక్కా అంటూ పరుగున వచ్చాడు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో తెల్లనీళ్ల గ్లాసు, ముఖం నిండా నిజమైన దిగులు. వెనకే వరసలో వాళ్లు కూడా, మా వంతు పోతుందేమోనని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన పెట్టెను బెంచీ మీద పెట్టాడు. పూర్వమైతే, పట్టుకో అమ్మడూ, అని చేతికే ఇచ్చేవాడు. ఈ మూడు నెలలుగా ఆయన కూడా కింద పెడుతున్నాడు, ఆమెకు మూరెడు దూరంలో. మందుసీసా వెలుతురుకు ఎత్తి మెడ విరుస్తున్నాడు. పెట్టెలో దూది మీద మూడు సూదులు. ఆమె వాటినే చూస్తోంది. ఇప్పుడివి అత్తయ్య ఒంట్లోకి దిగుతాయి. తెల్లనీళ్లలో మునుగుతాయి. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రవాడికి, ఇందాక ఏమీ లేదని నవ్వుకుంటూ వెళ్లినవాడికి. వాడి వెనకావిడకు. ఎండాకాలం పోయి వానలొస్తాయి, పాపకు జ్వరమొస్తుంది, తను ఏ గుడ్డలు ఆరేయడానికో పెరట్లోకి వెళ్లిన ఆ కాసేపట్లో మా పిల్ల అంటూ ఎవరో చంకనేసుకుని అరుగు మీదికి తీసుకువెళ్తారు. అప్పుడు వరసలో పాప చోటు ఎక్కడ?

ఆమె పెట్టె ఎత్తి తన గ్లాసులోకి బోర్లించింది. సూదులు స్టీలుకు తగిలి టంగుమన్నాయి. దూది కూడా పడింది.

మామయ్యకు ముందు అర్థం కాలేదు, పొరపాటున చేసిందనుకుని, అయ్యో అమ్మడూ, అంటూ చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎవరి గ్లాసో గుర్తొచ్చినట్టుంది. వేళ్లు ఒకసారి ముడుచుకుని మళ్లీ విచ్చుకున్నాయి, ముందుకు మాత్రం రాలేదు. ఆమె గ్లాసును ఒళ్లోకి తీసుకుని, పాపను రెండో పక్కకు జరిపి, అంచు మీద అరచెయ్యి మూసి కూర్చుంది. గుమ్మంలో వాళ్లకు కోపమొచ్చింది. దీనికేం రోగం, మా మందు ఆపడానికి ఇదెవరు, చదువుకున్న పొగరు, ఆయన మంచివాడు కాబట్టి ఊరుకున్నాడు, లాక్కోండి, అన్నారు. లాక్కోండి అన్నవాడు పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అత్తగారు ఇవ్వవే అంది, చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంచుకుని. ఇంతమందిలో ఒక్కరైనా వచ్చి ఈ గ్లాసు ముట్టుకోండి, ఒక్కరు, అనుకుంది ఆమె, దేనికోసం అనుకుందో తనకే తెలియలేదు. ఎవరైనా ముట్టుకుంటే సూదులు పోతాయి, అయినా ఎవరో ఒకరు ముట్టుకుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఎవరూ రాలేదు. మూడు నెలలు ఇంట్లో, వీధిలో, కుళాయి దగ్గర తనను ఒంటరిగా నిలబెట్టిన ఆ మూరెడు దూరం ఇప్పుడు చుట్టూ గోడలా నిలబడింది. తాళం వేసినా ఇంత గట్టిగా ఉండదు.

గోలకు లోపలి తలుపు తీసుకుని నర్సు వచ్చింది. మెడ విరిగిన మందుసీసా పట్టుకుని నిలబడ్డ మామయ్యను చూసింది, తెల్లనీళ్లు చూసింది, మూత లేని ఖాళీ పెట్టె చూసింది, చివరికి ఆమె అరచేతి కింద ఉన్న గ్లాసు దగ్గర ఆగింది.

"ఆ గ్లాసు ఎవరిదమ్మా?"

"నాది" అంది ఆమె. "మా అత్తయ్య గీత గీసి మరీ ఇచ్చింది. ఇంకెవరూ ముట్టుకోరు."